రిజిస్టర్లో అందరికీ పందొమ్మిదేళ్లే

నేను ఏఎన్ఎంగా ఇంచుమించు ఉద్యోగం చేసినన్ని రోజులూ నా సబ్‌సెంటర్ పరిధిలోని ప్రతి ఆడపిల్లా సరిగ్గా పందొమ్మిదేళ్లకే మొదటి బిడ్డను కన్నది. ఒక్కతీ ముందు కనలేదు, ఒక్కతీ ఆలస్యం చేయలేదు. ఇంత క్రమశిక్షణ గల ఊళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా అని ఏ అధికారీ నన్ను అడగలేదు. అడగరని తెలుసు కాబట్టి నేను జవాబు కూడా సిద్ధం చేసుకోలేదు.

ట్యాబులు పట్టుకుని తిరిగే ఈ కాలం ఏఎన్ఎంలు కదా, మీకు ఇది విడ్డూరంగా ఉండొచ్చు. మరీ పాతకాలం ముచ్చటేమీ కాదు, తెలంగాణ వచ్చాక జరిగిందే. పదహారేళ్ల పిల్ల గర్భంతో వచ్చిందనుకోండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే పెళ్లి ఎవరు చేశారని ఎంక్వయిరీ వస్తుంది, సర్పంచ్ అలుగుతాడు, అత్తగారు ఆ పిల్లను నా దగ్గరికి పంపడం మానేసి మందుల షాపతనికి చూపిస్తుంది. అందుకని పందొమ్మిది. పద్దెనిమిది రాస్తే అనుమానం వస్తుంది, ఇరవై రాస్తే మొఖం చూసినవాళ్లు నవ్వుతారు. ఈ లెక్క నాకు నా సీనియర్ నేర్పింది. ఆమెకు ఆమె సీనియర్ నేర్పి ఉంటుంది.

దీంట్లో ఒక్కటే ఇబ్బంది ఉంది. పద్దెనిమిది నిండని గర్భిణి కార్డు మీద ఎర్ర గుర్తు పెట్టాలి. ఎర్ర గుర్తు ఉంటే కాన్పు పెద్ద దవాఖానలో చేయించాలి, రక్తం ముందే చూసి పెట్టుకోవాలి. పందొమ్మిదేళ్ల పిల్లకు అవేమీ అక్కర్లేదు. ఆ ఇబ్బంది రాసేవాళ్లకు కాదు, కనేవాళ్లకు. కాబట్టి మేం రాస్తూ పోయాం.

నా చివరి పోస్టింగు మర్రిగూడ వైపు ఒక ఊరు. ఇరవై ఏళ్ల కిందట కూడా అక్కడే నాలుగేళ్లు చేశాను, మళ్లీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చాను. పత్తి, కంది, వాన పడితే పంట. బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లకు పసుపు చారలు, నలభై రాకముందే మోకాళ్ల నొప్పులు. అక్కడ ఒక ఇంటికి పదో తరగతి సగంలో బడి మానేసిన పిల్ల కోడలిగా వచ్చింది. పెనిమిటి జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. తల్లేమో హైదరాబాద్‌లో ఏదో బిల్డింగు కాడ కూలి చేస్తోంది. అందుకని కాన్పు అత్తగారి మీదా నా మీదా పడింది.

పిల్లకు పదిహేడేళ్లు. కార్డు మీద పందొమ్మిది. ఎర్ర గుర్తు లేదు.

దగ్గరి దవాఖానలో కాన్పయింది. ఆడపిల్ల పుట్టింది. తర్వాత రక్తం ఆగలేదు. నూట ఎనిమిది బండిలో ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. దారంతా ఆ పిల్ల ఒకటే అడిగింది, బిడ్డ ఏదని. వెనక ఆటోలో మీ అత్త దగ్గరుందని దారంతా చెప్పాను. అక్కడ రక్తం ఎక్కించారు, బతికింది. నేను ఇంటికొచ్చి రిజిస్టర్లో 'తల్లీబిడ్డ క్షేమం' అని రాసుకున్నాను. అబద్ధమేమీ కాదు.

ఏడు నెలల తర్వాత పైనుంచి ఒక ఫారం వచ్చింది. ఇరవై ఏళ్ల లోపు తల్లులు మాతృత్వాన్ని ఎట్లా చూస్తున్నారో తెలుసుకుని పంపాలట. పన్నెండు ప్రశ్నలు. కింద చిన్న అక్షరాలతో 'ఏకాంతంగా అడగవలెను' అని ఉంది. మా ఊళ్లలో ఏ ఇంట్లోనూ ఏకాంతం అనే జాగా లేదు. ఇంటింటికీ తిరగడంలో మా పద్ధతి ఒకటి ఉండేది. ప్రశ్న కోడలిని అడుగుతాం, జవాబు అత్త చెబుతుంది, కోడలు తల ఊపుతుంది, మేం రాసుకుంటాం. అందరికీ పని తొందరగా అయిపోతుంది.

ఈసారి దానికి కూడా తీరిక లేదు. శనివారం లోపు పంపాలన్నారు, అదే వారం పల్స్ పోలియో. నేనూ ఆశ వర్కరూ సబ్‌సెంటర్లో చాప వేసుకుని కూర్చుని తొమ్మిది మంది ఫారాలు తొమ్మిదీ నింపేశాం. ఆశ నాకంటే తెలివైనది, నోరు కూడా నాకంటే పెద్దది. ఆమె పేర్లు చదువుతుంటే నేను జవాబులు రాశాను.

"తల్లి కావడం మీకు ఏమనిపించింది?" అని చదివాను.

"సంతోషం అని రాయిన్రి మేడమ్."

నలుగురికి సంతోషం రాశాక ఆమెకు అనుమానం వచ్చింది. "అందరికి గదే రాస్తె ఎట్ల మేడమ్? చూసెటోళ్లకు డౌటొస్తది. ఇద్దరికి చాలా సంతోషం రాయిన్రి."

"ఎవరికి రాద్దాం?"

"మీదిష్టం. ఎవలైతేంది."

అట్లా ఇద్దరికి చాలా సంతోషం రాశాం. ఏడో ఫారం ఆ పిల్లది. అప్పటికి నాకు విసుగొచ్చి, కొంచెం కవిత్వం కూడా వచ్చింది. 'తల్లి కావడం నా జీవితానికి నిండుదనం ఇచ్చింది' అని రాశాను. ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా అంటే లేవని రాశాను. రెండో బిడ్డ ఎప్పుడు కావాలనుకుంటున్నారు అని ఉంది. 'వెంటనే. తరువాత ఆపరేషన్' అని రాశాను.

ఇది నేను కల్పించింది కాదు. మా దిక్కు అందరూ చేసే పనే. వరుసగా ఇద్దరిని కని, ఇరవయ్యొకటి ఇరవైరెండేళ్లకు ఆపరేషన్ చేయించుకుంటే, ఇక ఆ పని అయిపోయినట్టు. తర్వాత నిశ్చింతగా చేనుకు పోవచ్చు. ఊరూరా తిరిగి ఇట్లా చెప్పింది నేనే. ఆపరేషన్ కేసులు మండలంలో అందరికంటే ఎక్కువ తెచ్చినందుకు ఒక పంద్రాగస్టుకు నాకు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. అది సబ్‌సెంటర్ గోడకు వేలాడేది.

పది రోజుల తర్వాత సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. ఏడో ఫారం చూసి జిల్లా డాక్టరమ్మ చాలా మెచ్చుకున్నదట. గురువారం అంగన్‌వాడీలో మీటింగు పెట్టాలి, ఆ పిల్ల తన అనుభవం నలుగురికీ చెప్పాలి, డాక్టరమ్మ స్వయంగా వస్తుంది.

నా కవిత్వం నా మెడకే చుట్టుకుంది.

ఫారం నకలు సంచిలో పెట్టుకుని ఆ ఇంటికి పోయాను. అత్తగారు వాకిట్లో చాటలో కందిపప్పు ఏరుతోంది. ఆమెకు ముప్పై ఆరేళ్లు ఉంటాయి, లేచి నిలబడితే మాత్రం యాభై అనిపిస్తుంది. కోడలు పక్కన బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను సంగతి చెప్పాను. అత్తగారు సంబురపడింది.

"మైకుల మాట్లాడాల్నా? మా కోడలికి మాట్లాడుడు మస్తొచ్చు. బడిల పాటలు పాడుతుండెనట" అని, చాయ పెట్టుకొస్తానని లోపలికి పోయింది.

ఆ పిల్ల చెయ్యి చాపితే ఫారం ఇచ్చాను. పదో తరగతి దాకా చదివిన పిల్ల అనే సంగతి నాకు గుర్తు లేదు. మొదటి ప్రశ్న నుంచి పన్నెండో ప్రశ్న దాకా చదివింది.

"నిండుదనం అంటే ఏంది మేడమ్?"

"మంచి మాటే బిడ్డా."

"గిది నేనన్ననా?"

"అందరూ అనేదే కదా అని రాసిన."

"రెండో బిడ్డ వెంటనే అని ఉంది. గిది ఎవరు చెప్పిన్రు?"

"మీ అత్త చెప్పింది" అన్నాను. నోటికి ముందుగా ఏది వస్తే అది అనేశాను.

"అత్తమ్మనడిగినవా?"

నేను సంచి సర్దుకున్నాను. ఆ పిల్ల కోపం కూడా తెచ్చుకోలేదు. కాగితం మడిచి బిడ్డ పక్కన పెట్టుకుంది.

"సరే, నేర్చుకుంట తియ్యి. గురువారం దాక యాదికుంచుకుంట" అంది. తర్వాత లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది. "మేడమ్, మూడు నెలలకొకసారి ఏసే సూది ఉంటదట గద. కడుపు రాకుండ. మీటింగయినంక నాకది ఎయ్యి."

నేనేం చెప్పానో వినండి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషిని, ఆ పిల్ల రక్తం నా చీరకు అంటిన మనిషిని. "మీ అత్తనొక మాట అడిగి వేస్తాలే" అన్నాను.

"అయితే వద్దు" అంది.

అప్పుడే అత్తగారు చాయ తెచ్చింది. తాగి వచ్చేశాను. దారిలో నాకు సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది. వేలెడంత లేదు, నన్ను లెక్క అడుగుతుందా అనుకున్నాను. సిగ్గు తర్వాత వచ్చింది.

గురువారం డాక్టరమ్మ జీపులో వచ్చింది. ముప్పై దాటని మనిషి, గట్టిగా మాట్లాడదు, ప్రతిదీ పుస్తకంలో రాసుకుంటుంది. అంగన్‌వాడీ నిండా ఆడవాళ్లు. అత్తగారు మనవరాలిని ఎత్తుకుని గోడ పక్కన నిలబడింది. మైకు ఒకటి తెప్పించాం, అది పలకలేదు. ఆ పిల్ల లేచి చేతులు కట్టుకుని, నేను రాసిన మాటలు ఒక్కటి పొల్లుపోకుండా అప్పజెప్పింది. తల్లి కావడం నా జీవితానికి నిండుదనం ఇచ్చింది. నాకు ఏ ఇబ్బందులూ లేవు. పాఠ్యపుస్తకంలో భాష. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే ముందు కొట్టాను.

డాక్టరమ్మ కొట్టలేదు. "చాలా బాగా చెప్పావు. నీ వయసెంత?" అంది.

"పేపర్ల పందొమ్మిది మేడమ్."

ఎవరో నవ్వి ఆపేశారు. ఆశ వర్కర్‌కు దగ్గు వచ్చింది. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

"తల్లయ్యాక నీకెట్లా ఉంది? నువ్వు అనుకున్నది చెప్పు."

ఆ పిల్ల నా వైపు చూసింది, డాక్టరమ్మ వైపు చూసింది. "నన్నేనా అడుగుతున్నది?"

"నిన్నే."

"మంచిగనే ఉన్నది మేడమ్. అది అబద్ధం గాదు" అని మొదలుపెట్టింది. "నాకు పెండ్లయితాందంటే మా బడిల సార్లు ఈ పిల్ల ఆగమైందన్నరు. నేను ఆగం గాలె. పరీక్ష రాయలే, గంతే. ఎప్పటికన్న రాస్త. బిడ్డ పుట్టినంక నేను పెద్దమనిషినైన అనిపిస్తాంది. నేను జర పక్కకు పోతే అది ఏడుస్తది. నాకోసం ఏడ్సినోళ్లు గింతకుముందు ఎవ్వరు లేరు. మా అమ్మకు నాకోసం ఏడ్సెతందుకు తీరిక లేకుండె."

ఆ పిల్ల అత్తగారి చేతుల్లో ఉన్న బిడ్డ వైపు ఒకసారి చూసింది.

"గని కాన్పునాడు నెత్తురు పోయింది. కండ్లు మూతలు పడుతుంటే నాకు చచ్చిపోత అని భయం గాలె. బిడ్డకు పాలెవరిస్తరని ఫికరైంది. వెంటనే ఇంకొకలు పుడితే, మళ్ల గట్లనే అయితే, ఇద్దరికి ఎవరిస్తరు? నాకు మూడేండ్లు వద్దు మేడమ్. నాకు బిడ్డలంటే ఇష్టం లేక గాదు, గీ బిడ్డ కోసమే. గది ఫారంల లేదు. నన్నెవరు అడగలే."

గోడ పక్క నుంచి అత్తగారు ముందుకొచ్చింది. మొఖం ఎర్రబడింది.

"నాకు చెప్పినవా? నేనేమన్న రాక్షసినా? గింతమందిల నన్ను నిలబెట్టవడితివి" అంది కోడలితో. తర్వాత నా వైపు తిరిగింది. "నర్సమ్మా, వరుసగ ఇద్దరిని కని ఆపరేషన్ చేపిచ్చుకొమ్మని చెప్పింది నువ్వు గాదా? నా కొడుకు పుట్టినప్పుడు మా ఇంటికొచ్చి మా అత్తకు చెప్పినవు. జీపుల ఎక్కిచ్చుకొని పోయి ఆపరేషన్ చేపిచ్చింది నువ్వే. నేను గదే చేసిన. నా కోడలికి గదే చెప్పిన. తప్పేంది?"

ఆ గదిలో ఉన్న ఆడవాళ్లంతా నన్ను చూశారు. సగం మందిని ఆ జీపులో ఎక్కించింది నేనే. తప్పేందని ఆమె నన్ను దెప్పడానికి అడగలేదు, నిజంగానే అడిగింది. తెలిస్తే చెబుతానేమోనని చూసింది.

"తప్పు నాది" అన్నాను. "ఆ పిల్లకు పదిహేడేళ్లకు కాన్పయింది. పందొమ్మిది అని రాసింది నేనే. ఎర్ర గుర్తు పెట్టంది నేనే. గీ ఫారంలో ఒక్క మాట కూడా ఆమెది కాదు. తొమ్మిది ఫారాలూ నావే."

నన్ను చాలామంది మెచ్చుకున్నారని మీరు అనుకోవద్దు. ఎవరూ మెచ్చుకోలేదు. డాక్టరమ్మ చాలాసేపు రాసుకుంది. తర్వాత తొమ్మిది ఖాళీ ఫారాలు, తప్పు పోతే ఉంటుందని ఇంకొకటి, నా చేతికిచ్చి, "ఈసారి అడగండి" అంది. వారం తిరగకుండా మెమో వచ్చింది.

మర్నాడు పొద్దున నేను సబ్‌సెంటర్ తాళం తీస్తుండగా అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. వాళ్లిద్దరూ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. అత్తగారు నా మొఖం చూడకుండా అంది. "దానికి ఆ సూదేందో ఎయ్యి. నన్నడిగి ఏస్తనన్నవట. నన్నెందుకడుగుడు? నొప్పి దానిది."

నేను ఆ పిల్లనే అడిగాను. బీపీ చూశాను, రక్తం చూశాను, సూది వేస్తే ఏమేమవుతుందో చెప్పాను, అన్నీ విన్నాక మళ్లీ అడిగి వేశాను. ఫారం తీసి పన్నెండు ప్రశ్నలు అడిగాను. ఒక్క ఫారానికి ముప్పావు గంట పట్టింది. అంతకుముందు తొమ్మిదింటికి అంత పట్టలేదు.

లేచి పోతారనుకున్నాను. అత్తగారు లేవలేదు. బల్ల మీద కాగితాలు చూస్తూ కూర్చుంది.

"నాకున్నదా గసుంటి ఫారం?" అంది.

అది ఇరవై లోపు వాళ్లకని చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆ పదో ఫారం తీశాను. పెన్ను పట్టుకుని, మొదటి కాన్పు నాటికి వయసెంత అని అడిగాను.

"పేపర్లదా, అసలుదా?"

"అసలుదే."

"పదహారు" అంది. నా పాత రిజిస్టర్లో ఆమె కూడా పందొమ్మిదేళ్లకే కన్నది. ఆ రాత నాదే. తర్వాత ప్రశ్న, తల్లి కావడం మీకు ఏమనిపించింది అనేది. ఆమె ముందు కోడలి వైపు చూసింది. కోడలు బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. అప్పుడు అత్తగారు చెప్పింది, నేను రాసుకున్నాను.

ఆ నెల నుంచి నా రిజిస్టర్లో వయసులు ఉన్నవి ఉన్నట్టు రాశాను. పదహారు, పదిహేడు, ఒక పదిహేను కూడా. మూడు నెలలకు రివ్యూ మీటింగులో నన్ను నిలబెట్టారు. మీ సబ్‌సెంటర్లో ఇన్నేళ్లు లేనిది చిన్న వయసు గర్భిణులు ఒక్కసారిగా ఎందుకు పెరిగారో వివరించమన్నారు. పెరగలేదు సార్, రాస్తున్నాం అన్నాను. వెటకారం వద్దన్నారు. కొన్ని ఇళ్లవాళ్లు నేను భయపడ్డట్టే నా దగ్గరికి రావడం మానేశారు. వాళ్ల కోసం నేనూ ఆశా రెండేసిసార్లు తిరిగాం, తిట్లు తిన్నాం, కొందరిని తెచ్చుకున్నాం. అందరినీ తెచ్చుకున్నామని చెప్పను.

ఆ పిల్ల పదో తరగతి రాసింది. మొదటిసారి లెక్కలు తప్పింది, రెండోసారి పాసయింది. రెండో బిడ్డను నాలుగేళ్లకు కన్నది. అప్పటికి నేను రిటైరయ్యాను. తొలి కాన్పులో రక్తం పోయిందని ఈసారి కార్డు మీద ఎర్ర గుర్తు పెట్టారనీ, పెద్ద దవాఖానలో కాన్పు అయిందనీ, రక్తం సిద్ధంగా పెట్టించినా వాడాల్సిన పని పడలేదనీ ఆశ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను.

అత్తగారి ఫారం మాత్రం వెనక్కి వచ్చింది. పైన ఎర్ర సిరాతో 'వయసు ముప్పై ఆరు. పరిధిలో లేరు. తిరస్కరించడమైనది' అని ఉంది. ఉద్యోగం అయిపోయాక రిజిస్టర్లన్నీ అప్పజెప్పాను. సర్టిఫికెట్ అక్కడే గోడకు వదిలేశాను. ఆ ఫారం ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. తల్లి కావడం మీకు ఏమనిపించింది అన్న ప్రశ్నకు ఎదురుగా ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి ఉంది.

'భయమైంది. ఎవరన్న అడిగితే చెప్పాలనుకున్న. నర్సమ్మ వచ్చింది. బిడ్డ బరువు చూసి పోయింది.'